ముక్కలు కూర్చిన బొమ్మ
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలో ఉపన్యాసమంటే సాహిత్యం గురించో, రాయల కాలం గురించో ఉండడం మన ఆనవాయితీ. నేను మాట్లాడబోయేది ఒక ప్లాస్టిక్కు బొమ్మ గురించి. కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు, "అయ్యా, నాకు చేతులతో తెలిసిన సంగతి ఇదొక్కటే, ఒప్పుకుంటే దీనిమీదే మాట్లాడతాను" అన్నాను. వారు నవ్వి సరేనన్నారు. నేను మెట్రిక్యులేషనుతో చదువు ఆపి రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ని. పండితుల ధోరణి నాకు రాదు. సరుకు చూసి, నంబరు చూసి, చీటీ రాసేవాడు ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడతాను.

ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. కిందటి దసరాకు మన సంఘంలో పెట్టిన బొమ్మల కొలువు మీకు జ్ఞాపకం ఉండేవుంటుంది. దాంట్లో ఆఖరి మెట్టు మీద, కొండపల్లి అంబారీ ఏనుగు పక్కన, పసుపుపచ్చ జుట్టు నిక్కబొడుచుకుని, నారింజరంగు బట్టలు కట్టుకున్న కుర్రవాడి బొమ్మ ఒకటి నిలబడింది. పెట్టినవాడు మా పెద్దవాడు, పన్నెండేళ్లవాడు. మన పెద్దలొకరు, వారిమీద నాకు గౌరవమే తప్ప వేరే భావం లేదు, "ఇదేమిటయ్యా, దేవుడి కొలువులో జపాను బొమ్మ? తెలుగు పిల్లలకు బొమ్మలు కరువయ్యాయా?" అన్నారు. పిల్లవాడు మాట్లాడకుండా బొమ్మ తీసి సంచీలో పెట్టుకున్నాడు. వారి ప్రశ్న న్యాయమైనదే. కాని దాని జవాబు కొలువు ముందు నిలబడి రెండు ముక్కల్లో చెప్పేది కాదు. అంచేత ఈ సభదాకా దాచి ఉంచాను.

ముందు ఆ బొమ్మ ఎవరిదో చెప్పాలి. దాని పేరు సోన్ గోకు. అకిరా తోరియామా అనే జపాను చిత్రకారుడు 1984లో ఒక వారపత్రికలో "డ్రాగన్ బాల్" అనే బొమ్మల కథ మొదలుపెట్టి 1995 దాకా గీశాడు. 1986లో అది టెలివిజనుకెక్కింది. పెద్ద కళ్లు, ముళ్లలాంటి జుట్టు, గాలిలో ఎగురుతూ దెబ్బలాడే మనుషులు, ఇలాంటి జపాను పద్ధతి చిత్రాలను అనిమే అంటారని మీ ఇళ్లలో పిల్లలు మీకు చెప్పే ఉంటారు. తోరియామా 2024 మార్చి 1వ తేదీన చనిపోయాడు. ఆ వార్త తెలిసిన పూట మావాడు అన్నం సరిగా తినలేదు. సొంత బంధువు పోయినట్టే అనుకున్నాడు. ఇంకో సంగతి. ఆ తోరియామాకు ప్లాస్టిక్కు నమూనాలు కూర్చడమంటే మహా పిచ్చి. తను గీసిన మనిషిని ఎవరో చిన్నచిన్న ముక్కలుగా చేసి పెట్టెలో పెట్టి అమ్మితే ఆయన ఆశ్చర్యపోయి ఉండడు.

గోకు అనే పేరుకు పెద్ద వంశవృక్షం ఉంది. చైనాలో 16వ శతాబ్దంలో వచ్చిన "పశ్చిమ యాత్ర" అనే కథలో సున్ వుకాంగ్ అనే కోతి వీరుడు ఉన్నాడు. ఆ పేరునే జపానువారు సోన్ గోకు అని చదువుతారు. ఆ కోతి మేఘం మీద ఎగురుతాడు. అతని చేతి దండం అనుకున్నంత పొడుగు పెరుగుతుంది, అనుకున్నంత పొట్టిగా తగ్గుతుంది. ఇదంతా వింటే మీకు ఎవరు జ్ఞాపకం వస్తున్నారో నాకు తెలుసు. చైనా పండితుల్లో హు షీ అనే ఆయన ఈ కోతికి మూలం మన హనుమంతుడే అన్నాడు. లూ షున్ అనే ఇంకో గొప్ప రచయిత, కాదు, మా దేశపు పాత కథల్లోంచే వచ్చాడన్నాడు. వాళ్ల తగువులో మనం దూరవద్దు. కాని ఒక్క సంగతి మాత్రం తగువు లేనిది. ఆ కథలో కోతికి గురువైన బౌద్ధ భిక్షువు నిజంగా బతికిన మనిషి. మనం స్కూలు పుస్తకాల్లో హ్యూయన్‌త్సాంగ్ అని చదువుకున్నామే, ఆయనే. 629లో చైనానుంచి బయలుదేరి 645లో తిరిగి వెళ్లాడు. ఆ మధ్యకాలంలో మన ఆంధ్రదేశం వచ్చాడు. వేంగి రాజ్యం గురించి, ధాన్యకటకం గురించి రాసిపెట్టాడు. ధాన్యకటకం అంటే అమరావతి. అంటే కృష్ణకు ఆ గట్టు. ఈ గట్టున కొండపల్లి. ఈ లెక్కన మావాడి బొమ్మకు తాత అయిన కోతి ఎవరి వెంట నడిచాడని కథ చెబుతున్నదో, ఆ మనిషి కొండపల్లి పొరుగున నడిచిపోయాడు. కొలువులో ఆ రెండు బొమ్మలు పక్కపక్కన నిలబడడం అంత వింత ఏమీ కాదని నా మనవి.

మా అత్తగారిది కొండపల్లి పక్కనే ఇబ్రహీంపట్నం. ఆవిడ ఆ బొమ్మను మొదటిసారి చూసినప్పుడు మావాడు ఈ వంశవృక్షమంతా అప్పచెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, "అంతా బాగుందిరా, తోక ఏదీ?" అన్నారు. చిన్నప్పుడు ఉంటుంది అమ్మమ్మా, పెద్దయ్యాక తీసేశారు అని వాడు జవాబు చెప్పాడు. "తోక తీసేస్తే ఇంక కోతేమిటి" అని ఆవిడ పెదవి విరిచారు. ఆ విషయంలో వాళ్లిద్దరికీ ఇప్పటికీ రాజీ కుదరలేదు.

ఇక బొమ్మ సంగతి. ఇది కొట్టులో తయారుగా కొన్న బొమ్మ కాదు. పెట్టె మూత తీస్తే బొమ్మ కనపడదు. నాలుగైదు ప్లాస్టిక్కు చట్రాలు కనపడతాయి. చట్రానికి కాడలు, కాడలకు చింతకాయల్లాగా వేలాడుతూ ముక్కలు. పసుపు చట్రంలో జుట్టు ముక్కలు, నారింజ చట్రంలో బట్టలు, చర్మం రంగు చట్రంలో ముఖం, చేతులు. ప్రతి చట్రానికి ఒక అక్షరం, ప్రతి ముక్కకు ఒక నంబరు. ఈ పద్ధతి చూడగానే నాకు గూడ్సు యార్డు జ్ఞాపకం వచ్చింది. ఏ లైనులో ఏ బండి, ఏ నంబరు, దేని వెనక ఏది తగిలించాలి, అంతా కాగితం మీద ఉంటుంది. కాగితం ఒకటి, నంబరు ఒకటి చూసుకుంటూ పోతే పొరపాటు రాదు. కాగితం చూడకుండా చేతికి వచ్చినట్టు తగిలిస్తే బండి కదలదు.

ఈ పెట్టెలోని కాగితం జపాను భాషలో ఉంది. మాకు ఒక్క అక్షరం రాదు. అయినా ఇబ్బంది లేదు, బొమ్మలు గీసి చూపించారు. బాణం గుర్తు ఎటు ఉంటే అటు పెట్టాలి.

చట్రంనుంచి ముక్కను కోయడంలో ఒక కిటుకు ఉంది. ముక్క చట్రానికి సన్నటి కాడతో అంటుకుని ఉంటుంది. దాన్ని మేం తొడిమ అని పిలుస్తున్నాం. కాయకు తొడిమ ఉన్నట్టే ఉంది మరి. ఎలక్ట్రీషియన్లు వాడే సైడు కట్టరు లాంటిదే, చిన్నది, మొన సన్నది ఒకటి కావాలి. దానితో తొడిమను ఒక్క కోతలో ముక్కకు ఆనించి కోయకూడదు. అలా కోస్తే ప్లాస్టిక్కు ఒత్తిడికి తెల్లబడుతుంది, ఒక్కోసారి లోపలికి గుంట పడుతుంది. మొదట దూరంగా కోయాలి. ముక్క విడివడ్డాక మిగిలిన తొడిమను రెండో కోతలో దగ్గరగా తీయాలి. ఆ మిగిలిన కొసను ఆకురాయితో రాయాలి. ఆ తరువాత గరుకు కాగితం, మొదట 400 నంబరు, తరువాత 600, ఆపైన 1000. నంబరు పెరిగినకొద్దీ గరుకు తగ్గుతుంది. వేలు పెట్టి తడిమితే తొడిమ ఎక్కడ ఉండేదో తెలియకూడదు. కంటికంటే వేలు బాగా చెబుతుంది.

జిగురు అక్కర్లేదు. ఒక ముక్కకు మేకులాంటి మొన, రెండోదానికి దానికి సరిపోయే బెజ్జం. నొక్కితే టిక్కుమని కూర్చుంటుంది. భుజం దగ్గర, తుంటి దగ్గర కీళ్లు గిన్నెలో గోళీ పెట్టినట్టు ఉంటాయి, అన్ని వైపులా తిరుగుతాయి. మోచెయ్యి, మోకాలు తలుపు బందులాగా ఒకే వైపు మడుస్తాయి. బ్రహ్మదేవుడు చేసిన ఏర్పాటే. పిల్లవాడు తన మోచెయ్యి మడిచి చూసుకుని, బొమ్మ మోచెయ్యి మడిచి చూసుకుని, "నాన్నా, మనదీ ఒకవైపే గదా" అన్నాడు. పన్నెండేళ్లు ఆ చెయ్యి వాడి దగ్గరే ఉంది, అప్పుడే మొదటిసారి చూశాడు.

ముక్కల పని మేం రోజూ చేయలేదు. నా డ్యూటీలు మారుతూ ఉంటాయి గనుక ఆదివారాలు, నైటు డ్యూటీ దిగిన మర్నాటి సాయంత్రాలు కూర్చునేవాళ్లం. మొదటి వారం తల ఒక్కటే అయింది. ముఖం లోపల ఒక ముక్క, పైన ఒక ముక్క, జుట్టు అయితే ముందు గుత్తి, వెనక గుత్తి, పక్క గుత్తులు వేరువేరు. రెండో వారంలో నడుం దగ్గర చిక్కు వచ్చింది. నడికట్టు ముడి కొస ఒకటి గోరంత ఉంటుంది. కోస్తుండగా టప్పుమని ఎగిరి, గదిలోంచి బాల్కనీలోకి పోయి, బాల్కనీ తూములోకి పోయింది. ఈ పనిలో ఇది అందరికీ వచ్చే కష్టమేనట. అందుకే తెలిసినవాళ్లు ప్లాస్టిక్కు సంచీలో చేతులు పెట్టి కోస్తారు. పిల్లవాడు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంకో ముక్క తెప్పించే దారి మాకు లేదు.

అప్పుడు మా అత్తగారు ఒక మాట అన్నారు. "కొండపల్లిలో వేలు విరిగితే బొమ్మ పారేస్తారట్రా? మక్కు పెట్టి చేస్తారు" అన్నారు. కొండపల్లి బొమ్మ కూడా ఒకే కర్ర చెక్కింది కాదని మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. నాకు ఆ రోజుదాకా తెలియదు. తెల్ల పొణికి అనే తేలికైన కర్ర. దాన్ని బాగా ఆరబెట్టి, ఒళ్లు వేరే చెక్కుతారు, చేతులు వేరే, తలపాగా వేరే, ఏనుగు తొండం వేరే. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి, దానితో ముక్కలు అతికిస్తారు, అతుకు కనపడకుండా పూడుస్తారు. దానిమీద సుద్ద పూస్తారు. ఆరిన తరువాత సన్నటి కుంచెతో రంగులు. అంటే అది కూడా ముక్కలు కూర్చిన బొమ్మే. ముక్కలు కూర్చడం మాత్రం కొండపల్లిలోనే అయిపోతుంది, మనకు పూర్తి అయిన బొమ్మ అందుతుంది. జపానువాడు కూర్చే పని మనకు వదిలిపెట్టాడు. తేడా అంతే.

మా ఇంట్లో చింతగింజలు లేక కాదు గాని, ప్లాస్టిక్కుకు అది అంటదు. కుళాయి గొట్టాలకు పెట్టే ఎం-సీల్ కొని రెండు ఉండలు కలిపి, తడి వేళ్లతో గోరంత ముడి కొస చేసి, ఆరాక గరుకు కాగితంతో రాసి, దుకాణంలో చిన్న సీసా రంగు కొని పూశాడు. దగ్గరకు వచ్చి చూస్తే ఆ రంగు మిగతా రంగుతో కలవదు. మావాడికి ఆ బొమ్మలో అన్నిటికంటే ఇష్టమైన ముక్క అదే. ఎవరు వచ్చినా ముందు అదే చూపిస్తాడు.

ఈ పెట్టెలు జపానులో ఎక్కడివని విచారిస్తే ఇంకో సంగతి బయటపడింది. షిజువోకా అనే ఊరు ఒకటి ఉంది. ప్లాస్టిక్కు నమూనాలకు అది కాశీ వంటిది. తామియా, అవోషిమా వంటి పేరుమోసిన కంపెనీలు ఆ ఊరివే. బందాయ్ వాళ్లు కూడా తమ నమూనాల కార్ఖానా అక్కడే పెట్టుకున్నారు. ఇంతకీ ఆ ఊరికి ఈ విద్య ఎలా వచ్చింది? కర్రపనినుంచి వచ్చింది. పూర్వంనుంచి వడ్రంగానికి పేరుపడ్డ ఊరు అది. తామియా కంపెనీ 1946లో పుట్టినప్పుడు అది కలప కోసే మిల్లు. మొదట కర్ర నమూనాలు చేసి అమ్మారు. తరువాత బయటి దేశాలనుంచి ప్లాస్టిక్కు నమూనాలు వచ్చిపడి కర్ర బొమ్మల బేరం పడిపోయింది. వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. 1960లో తామే ప్లాస్టిక్కు ఓడ నమూనా ఒకటి వేశారు. చెక్కే కన్ను, కొలిచే చెయ్యి ఉన్నవాళ్లు గనుక సరుకు మారినా పని చెడలేదు.

అనిమే వీరుల నమూనాలకు రోజులు తెచ్చింది మాత్రం 'గుండమ్' అనే మరమనిషి. 1979 ఏప్రిల్‌లో జపాను టెలివిజనులో మొదలైన ఆ కథ సరిగా ఆడక 43 భాగాలతోనే 1980 జనవరిలో ఆపేశారు. ఆ ఏడాది జూలైలో బందాయ్ కంపెనీ దాని నమూనా వేసింది. 144వ వంతు కొలత, ధర 300 యెన్‌లు. కథ పోయింది గాని బొమ్మ నిలబడింది. పిల్లలు కొట్ల ముందు బారులు తీరారు. బొమ్మ బలం మీద కథ మళ్లీ లేచింది, నేటికీ నడుస్తున్నది. యొకొహామా రేవులో 18 మీటర్ల ఎత్తున కదిలే గుండమ్‌నే నిలబెట్టి 2020 డిసెంబరునుంచి 2024 మార్చి దాకా జనానికి చూపించారు. మొదట్లో అన్ని ముక్కలూ ఒకే రంగు, జిగురు పెట్టాలి, రంగు వేయాలి. రానురాను జిగురు పోయింది, వేరువేరు రంగులు ఒకే చట్రంలో పోసే మరలు వచ్చాయి. దీంతో రంగు కుంచె పట్టనివాడు కూడా చేయగలిగాడు. మంచిదే గాని, నాకు ఇందులో కొంచెం అసంతృప్తి ఉంది. అన్నీ వాడే చేసి ఇస్తే చివరికి మనకు మిగిలే పని ఏమిటి? తూములో పడిపోయిన ముక్క గనక పోకపోతే మావాడు రంగు సీసా ముట్టుకునేవాడే కాడు.

ఇంతదూరం జపాను వెళ్లాం. మన రైలు ఎక్కి మైసూరు వైపు గంటన్నర పోతే చెన్నపట్న వస్తుంది. బొమ్మల ఊరు. మీరు ఆ దారిన పోయేటప్పుడు రంగురంగుల గిలకలు, గుర్రాలు చూసే ఉంటారు. వీళ్లు వాడే కర్రను కన్నడిగులు ఆలె మర అంటారు. మన అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది, అక్కడ వాడే కర్రను మనం అంకుడు కర్ర అంటాం. రెండూ ఒకే చెట్టు. రెండు చోట్లా పని కూడా ఒకటే, కర్రను మరమీద తిప్పుతూ ఉలితో కోసి, తిరుగుతున్న కర్రకే లక్కను ఒత్తితే ఆ వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. ఏటికొప్పాకలో చెట్ల బెరడు, వేళ్లు, గింజలనుంచి రంగులు తీసే విద్యను నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. చెన్నపట్న విషయంలో ఇంకొకటి చెబుతారు. బావాస్ మియా అనే ఆయన జపాను లక్కపని పద్ధతులు తెచ్చి అక్కడివారికి నేర్పాడట. మన పక్కింటి కన్నడ సోదరుల 'గొంబె'లో జపాను చెయ్యి ఒక వందేళ్ల కిందటే పడిందన్నమాట. దానిని ఎవరూ దసరా కొలువులోంచి తీసేయమనలేదు.

ఇక ఈ ప్రసంగంలో నాకు ముఖ్యమైన సంగతికి వస్తున్నాను.

మన పిల్లలు తెలుగు మాట్లాడతారు. ఇంట్లో అన్నం పెట్టు, నీళ్లు ఇవ్వు, బడికి టైమైంది, ఇంతవరకు తెలుగే. ఆ గీత దాటితే చేతికి ఏ భాష దొరికితే ఆ భాష. మావాడు మోకాలును కన్నడంలో మొణకాలు అంటాడు, మోచేతిని ఎల్బో అంటాడు, మడమకు వాడి దగ్గర ఏ భాషలోనూ మాట లేదు. వాడికి తెలుగు రాదని కాదు, ఆ మాట వాడవలసిన పని వాడికి ఎప్పుడూ పడలేదు. నేను శతకాలు అప్పచెప్పించాను. పద్యం వచ్చింది, మాట రాలేదు. పద్యంలో మాట పద్యంలోనే ఉండిపోయింది.

బొమ్మ ముందు కూర్చున్నప్పుడు ఏమైంది? చేతులు ఖాళీ లేవు, కళ్లు ముక్క మీద ఉన్నాయి, నోరొక్కటే ఖాళీ. "కుడి పిక్క ఇయ్యి." "ఇది పిక్క కాదు నాన్నా, తొడ." "మడమకు ఉన్న మొన చీలమండ బెజ్జంలోకి పోవాలి." "వదులుగా ఉంది." "వదులు కాదు, బోర్లా పెట్టావు, వెల్లకిలా తిప్పు." "ఇక్కడ సందు కనపడుతోంది." "నొక్కు, బిగుస్తుంది." తొడిమ, కొస, అతుకు, సందు, కీలు, నునుపు, వంపు, ఒరుసుకోవడం, మెలి తిప్పడం. ఈ మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఒకేచోట లేవు. నేను పాఠం చెప్పాలని కూర్చోలేదు. పని చేస్తుంటే మాట అడిగింది, మాట వచ్చింది. ఒక రోజు వాడు స్కూలునుంచి వచ్చి, "నాన్నా, ఇవాళ ఆటలో నా చీలమండ మెలి తిరిగింది" అన్నాడు. నేను కాలు చూడడం మరిచిపోయి వాడి నోరు చూశాను. వాళ్లమ్మ నన్ను కోప్పడింది.

దీన్ని బట్టి ప్లాస్టిక్కు బొమ్మ తెలుగు నేర్పుతుందని నేను చెప్పడం లేదు. పెట్టె కొని పిల్లవాడి చేతిలో పడేసి మనం టెలిఫోను చూసుకుంటే వాడు ఇంగ్లీషులోనే ముక్కలు కూరుస్తాడు. పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి, వాళ్లకు ఆ మాటలు వచ్చి ఉండాలి. నిజానికి మనకు కూడా కొన్ని మాటలు పోతున్నాయి. మక్కు అనే మాట మా అత్తగారు అనకపోతే మా ఇంట్లోకి వచ్చేదే కాదు.

ఖర్చు మాట దాచకూడదు. మా పెట్టెకు రెండు వేల రూపాయల పైచిలుకు అయింది, గుమాస్తా జీతంలో అది కనపడే ఖర్చే. మన ప్రభుత్వం పరదేశపు ఆటవస్తువుల మీద సుంకం 2020లో 20నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరినుంచి పద్నాలుగేళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేసింది. అంచేత ఈ పెట్టెలు సులువుగా దొరకవు, దొరికినా ప్రియం. చవకగా దొరికే నకళ్లు ఉన్నాయి. వాటిలో మొన బెజ్జంలో కూర్చోదు, పిల్లలకు విసుగు పుడుతుంది. ఒక్క బొమ్మను మూడు నెలలు చేస్తే ఖర్చు తట్టుకోవచ్చు. నెలకొకటి కొంటామంటే మాత్రం అది వ్యసనమే, నేను ఒప్పుకోను. ఇంకొకటి, బొమ్మ అయ్యాక ఖాళీ చట్రాలు మిగులుతాయి, బొమ్మంత బరువు. జపానులో 2021నుంచి బందాయ్ వాళ్లు వాటిని తిరిగి సేకరించి కరిగిస్తున్నారు. ఇక్కడ మనకు పొడి చెత్త బుట్టే గతి. తెల్ల పొణికి పొట్టు మట్టిలో కలుస్తుంది, ఇది కలవదు. ఈ ఒక్క విషయంలో కొలువు దగ్గర పెద్దలన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

అయితే వారు అడిగిన రెండో ముక్కకు, తెలుగు పిల్లలకు బొమ్మలు కరువయ్యాయా అన్నదానికి, నాకు ఒక ఆలోచన తోచింది. కరువు కాలేదు. కాని మన పిల్లలకు మన బొమ్మను ఇచ్చేటప్పుడు చూడమని ఇస్తాం, ముట్టుకోవద్దని ఇస్తాం. అల్మారా అద్దం వెనక పెడతాం. యూగో సాకో అనే జపాను ఆయన మన రామ్ మోహన్‌గారితో కలిసి రామాయణాన్ని అనిమే చిత్రంగా తీస్తే 1993లో మన దేశంలో మొదటిసారి చూపించారు. 2025 జనవరిలో అది తెలుగు మాటలతో హాళ్లకు వచ్చింది. మావాణ్ని తీసుకుపోయాను. బయటికి వస్తూ వాడు అడిగినది ఒక్కటే, "హనుమంతుడి పెట్టె దొరుకుతుందా నాన్నా, ముక్కలది?" నేను వెతికాను, నాకు దొరకలేదు.

కొండపల్లివాళ్లు అతికించని బొమ్మ ఇవ్వగలరు గదా. చేతులు, ఒళ్లు, తలపాగా విడివిడిగా చెక్కినవి, చిన్న పొట్లంలో చింతగింజల పిండి, రంపపు పొట్టు, ఒక సుద్ద పొట్లం, నాలుగు రంగులు, ఒక కుంచె. తెలుగులో ఒక కాగితం, బొమ్మలు గీసి. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతిపని బొమ్మలకు ఆ ఐ.ఎస్.ఐ. నిబంధననుంచి మినహాయింపు కూడా ఇచ్చారు. కొండపల్లికి ఆ గుర్తింపు ఉంది. తెల్ల పొణికి కర్రకు కటకటగా ఉందని అత్తగారి తరపు బంధువులు చెబుతున్నారు. అటువంటప్పుడు ఒక్కొక్క కర్ర ముక్కకు ఎక్కువ ధర రావడం వాళ్లకు అవసరమే. పూర్తి అయిన బొమ్మకంటే ముక్కల పెట్టెకు మేం తక్కువ ఇవ్వనక్కర్లేదు, సమానంగా ఇవ్వవచ్చు, పని మా పిల్లలు చేసుకుంటారు. అతికించే విద్య చేజారిపోతుందని వాళ్లు సందేహించవచ్చు. నాకు అలా తోచదు. ఒకసారి మక్కు పెట్టి వేళ్లు పాడుచేసుకున్న పిల్లవాడికే కొండపల్లి అంబారీలో అతుకు ఎందుకు కనపడదో అర్థమై, దాని ధర ఎక్కువ కాదని తెలుస్తుంది.

ఈ విషయం కార్యవర్గం ముందు పెట్టాను. వేసవి సెలవుల్లో మా అత్తగారితో నేను కొండపల్లి వెళ్లి, పదిమంది పిల్లలకు సరిపడా పెద్దబండి ఎడ్లు, పల్లెపడుచు, తాటిచెట్టు, ఈ మూడు రకాలు అతికించకుండా ఇమ్మని అడిగి వస్తాను. చెట్టు అన్నిటికంటే సులువు, చిన్నపిల్లలకు అది. ఒకవేళ వాళ్లు కాదంటే చెన్నపట్న దగ్గరే ఉంది, రంగు వేయని కర్ర ముక్కలు అక్కడ అడుగుతాం.

అంతలోగా, ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు సంఘం హాలులో పాత బల్ల ఒకటి వేయిస్తామని కార్యదర్శిగారు మాట ఇచ్చారు. ఎవరి ఇంట్లో ఏ ముక్కల పెట్టె ఉన్నా తెచ్చుకోవచ్చు, జపానుదైనా, ఎక్కడిదైనా. చాలా పెట్టెలపైన ఎనిమిదేళ్లు దాటినవారికని, కొన్నిటిపైన పదిహేను దాటినవారికని ఉంటుంది, అది చూసుకోండి. మూడేళ్లలోపు పిల్లలను బల్ల దగ్గరకు రానీయవద్దు, ముక్కలు నోట్లో పెట్టుకుంటారు. రంగు సీసాలు వాడేవారు కిటికీ పక్కన కూర్చోవాలి. సైడు కట్టర్లు రెండు, ఆకురాయి ఒకటి, గరుకు కాగితం నా దగ్గర ఉన్నాయి, తెస్తాను. పిల్లలు పాత వార్తాపత్రిక ఒకటి పరుచుకోవడానికి, పాలపొడి డబ్బా మూత ఒకటి ముక్కలు పోయకుండా పెట్టుకోవడానికి తెచ్చుకుంటే చాలు. తాతగార్లు, అమ్మమ్మలు తప్పకుండా వెంట రావాలి. వారికి కుర్చీలు వేస్తాం.